ఏజెన్సీ పిల్లాడికి ఐటీఐ: ఊరి దగ్గరా, హైదరాబాద్‌లోనా?

జైనూర్‌వాలా:
అందరికీ నమస్తే. పదకొండేళ్లుగా కూకట్‌పల్లిలో ఉంటున్నా. సొంతూరు ఆసిఫాబాద్ జిల్లా, జైనూర్ మండలం. మా అక్క కొడుకు ఈ ఏడు పది పాసయ్యాడు. మార్కులు అంతంతే గానీ చేతిలో పని ఉంది. పోయిన వానాకాలం మా బావ మోటార్ ఆన్ కాకపోతే స్టార్టర్ డబ్బా విప్పాడు. లోపల చీమలు పట్టి కాంటాక్టులు అతుక్కోవడం లేదు. పాత టూత్‌బ్రష్‌తో దులిపి, ఎమెరీ పేపర్‌తో రుద్ది, అరగంటలో నీళ్లు పారించాడు. ఎవరూ నేర్పింది కాదు.
ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో వేద్దామనుకుంటున్నాం, రెండేళ్లు. ఉట్నూరు వైపే వేస్తే శనివారం ఇంటికి వచ్చిపోతాడు. హైదరాబాద్‌లో అయితే నా దగ్గర ఉండాలి. ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

బాలానగర్ ఫిట్టర్:
ఇందులో ఆలోచించడానికేముంది తమ్ముడూ, హైదరాబాదే. నేను 1991లో ఐటీఐ చేశా. ఇప్పుడు బాలానగర్‌లో చిన్న షెడ్డు, రెండు లేతులు, ఒక వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్), జాబ్ వర్క్. ఐటీఐలో నేర్చింది పావు వంతు. మిగతాదంతా అప్రెంటిస్‌షిప్‌లో వచ్చింది. 1961 నుంచి అప్రెంటిస్ చట్టం ఉంది, కానీ కంపెనీ ఉన్నచోటే కదా అప్రెంటిస్ ఉండేది? ఇక్కడ గోడ దాటితే కంపెనీ. 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఐటీడీ టూల్ రూమ్ కూడా మా బాలానగర్‌లోనే ఉంది. పిల్లాడు సాయంత్రం నడిచి వెళ్లి నాలుగు షెడ్లు చూసొస్తే అదొక చదువు. జైనూర్‌లో ఏం చూస్తాడు?

పద్మ_ఎల్బీనగర్:
దయచేసి పంపకండి అన్నా. మాది దుమ్ముగూడెం వైపు. మా తమ్ముణ్ని మూడు నెలల ఉచిత ట్రైనింగ్, హాస్టల్, గ్యారంటీ ఉద్యోగం అని హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సెంటర్‌కు తీసుకొచ్చారు. ఎలక్ట్రికల్ హెల్పర్ కోర్సు. మూడు నెలల్లో వాడు మల్టీమీటర్ ముట్టుకుంది మూడుసార్లు. ఆఖరికి ఒక మాల్‌లో బ్యాగులకు ట్యాగులు కట్టే పనిలో పెట్టారు, జీతం 9,500. ఒకే గదిలో ఆరుగురు. ఇరవై మూడో రోజు ఎవరికీ చెప్పకుండా భద్రాచలం బస్సెక్కేశాడు. సర్టిఫికెట్ లామినేషన్ చేయించి గోడకు కొట్టాం. ఇప్పుడు మిరప కోతకు పోతున్నాడు.

స్తంభం ఎక్కినోడు:
ఒక్కటే అడుగుతా. పిల్లాడు స్తంభం ఎక్కగలడా? డిస్కంలో, అంటే కరెంటు పంపిణీ కంపెనీలో, జూనియర్ లైన్‌మన్ కావాలంటే పదో తరగతి, ఎలక్ట్రికల్ ఐటీఐ ఉంటే సరిపోదు. రాతపరీక్ష అయ్యాక స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది. అక్కడ పోయేవాళ్లు చాలామంది.

బాలానగర్ ఫిట్టర్:
పద్మమ్మా, మూడు నెలల కోర్సు వేరు, రెండేళ్ల ఐటీఐ వేరు. మీ తమ్ముడికి జరిగింది అన్యాయమే. దాన్ని తెచ్చి దీనికి ముడిపెట్టకండి.

పద్మ_ఎల్బీనగర్:
ముడి నేను పెట్టడం లేదండీ. హైదరాబాద్‌లో గది అద్దె ట్రేడ్ చూసి తగ్గుతుందా? మా బస్తీలో రేకుల గదికి 5,500. రెండేళ్ల కోర్సు అయినా, మూడు నెలల కోర్సు అయినా, మొదటి జీతం ఆ గదికి, తిండికే పోతుంది. ఊళ్లో అయితే అదే పిల్లాడు మోటార్లు బాగుచేసుకుంటూ ఇంటన్నం తింటాడు.

రవ్వదోశ:
ఇప్పుడు ఐటీఐలన్నీ ఏటీసీలు (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు) అవుతున్నాయి కదా, ఎక్కడ చదివితే ఏంటి? 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి మారుస్తామని 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన చేశారు. 2,324 కోట్లు. రోబోటిక్స్, ఎలక్ట్రిక్ బండ్ల మెకానిక్, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు) కోర్సులు ఉన్నాయి.

బాలానగర్ ఫిట్టర్:
మెషిన్ లారీలో వస్తుంది బ్రదర్. నడిపేవాడు లారీలో రాడు. నా వీఎంసీ స్పిండిల్ మొరాయిస్తే ఫోన్ చేసిన రెండు గంటల్లో సర్వీస్ మనిషి బండేసుకొని వస్తాడు. అదే మెషిన్ అడవిలో ఆగిపోతే వాడు ఎప్పుడొస్తాడు? అప్పటిదాకా పిల్లలు దానిమీద కప్పిన ప్లాస్టిక్ కవర్ చూస్తూ కూర్చోవాలి.

స్తంభం ఎక్కినోడు:
స్తంభానికి సర్వీస్ మనిషి అక్కర్లేదు 😄

పద్మ_ఎల్బీనగర్:
నడిపేవాళ్లను అక్కడివాళ్లనే తయారుచేయొచ్చు కదా. హైదరాబాద్ విద్యానగర్‌లో కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ ఎన్‌ఎస్‌టీఐ ఉంది, ఐటీఐల్లో నేర్పేవాళ్లకు ఏడాది ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ ఇస్తుంది. ఏజెన్సీలో ఐటీఐ చదివిన పిల్లల్లో నలుగురిని ఏటా అక్కడికి పంపి, తిరిగి అక్కడే పోస్టింగ్ ఇస్తే సరి.

జైనూర్‌వాలా:
పద్మ గారు చెప్పింది కొత్తదేం కాదు, మా మండలంలో ఒకసారి జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను చంపాక, గోండుల గోడు ఏమిటో చూడమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన మా మండలంలోని మార్లవాయిలో ఉన్నాడు. 1943లో అక్కడే గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది, గోండిలో వాచకాలు వచ్చాయి. పిల్లల్ని నగరానికి తోలలేదు, పంతుళ్లనే ఊళ్లో తయారుచేశారు. అలాగే ఎలక్ట్రీషియన్‌నూ ఎందుకు తయారుచేయకూడదు?

బాలానగర్ ఫిట్టర్:
అది పలకా బలపం కథ. లేత్ మెషిన్ గోండిలో మాట్లాడదు తమ్ముడూ.

జైనూర్‌వాలా:
ఈ మాట వెనక్కి తీసుకోండి సార్. లేత్ మెషిన్ తెలుగులో మాట్లాడుతుందా? మా వాడు స్టార్టర్ విప్పినప్పుడు దానితో ఏ భాషలో మాట్లాడాడు?

సైలెంట్ రీడర్:
ఫిట్టర్ గారూ, అది అనకుండా ఉండాల్సింది.

బాలానగర్ ఫిట్టర్:
సరే, మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నా. కానీ నా కోపం ఎక్కడిదో కూడా వినండి. ఆసిఫాబాద్ వైపు నుంచి ముగ్గురు పిల్లల్ని పనిలో పెట్టుకున్నా. అందులో ఒకడు, చెప్పకూడదు గానీ, నాకంటే మేలు. 0.02 మిల్లీమీటర్ టాలరెన్స్‌తో బుష్‌లు తీసేవాడు. ఒక్కటీ రిజెక్ట్ అయ్యేది కాదు. దీపావళికి దండారి ఉంది, నాలుగు రోజులు అని వెళ్లాడు. నాలుగు వారాలైంది, రాలేదు. ఫోన్ చేస్తే పత్తి తీస్తున్నాం సార్ అన్నాడు. నా ఆర్డర్ పోయింది. పార్టీ ఇప్పటికీ తిరిగి రాలేదు. మిగతా ఇద్దరూ అంతే. ఊరికి దగ్గర్లో నేర్పితే ఊరు లాగేస్తుంది. దూరంగా తెచ్చి, ఇక్కడ వేళ్లు దిగాకే పని నిలుస్తుంది. నేను చెప్పేది ఇదొక్కటే.

జైనూర్‌వాలా:
దండారి నాలుగు రోజుల పండగ కాదు సార్, పది రోజులు పైనే. ఒక ఊరి గుస్సాడీ ఆడేవాళ్లు ఇంకో ఊరికి పోతారు. ఆ ఊరివాళ్లు అన్నం పెడతారు. మనిషి తగ్గితే ఇంటికి చిన్నతనం. పత్తి కూడా అప్పుడే చేతికొస్తుంది. మీ షెడ్డు క్యాలెండర్‌లో ఆ నెల లేదు, అంతే. పని నిలవడం అంటే మీ షెడ్డులో నిలవడమేనా? మా ఊళ్లో నిలిస్తే పని కాదా?

బాలానగర్ ఫిట్టర్:
మీ ఊళ్లో నెలకు ఎన్ని మోటార్లు కాలతాయి? లెక్క చెప్పు.

జైనూర్‌వాలా:
లెక్క పక్కన పెట్టండి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాలు మొదలుపెట్టినప్పుడు మా బావకూ వచ్చింది. అన్నేళ్లు ఫారెస్టువాళ్లతో పడి, ఇప్పుడు చేతికి కాగితం వచ్చింది. బావకు నడుం నొప్పి, వంగలేడు. వీడు పోతే ఆ భూమిని ఎవరు చూస్తారు? 1/70 చట్టం ఉంది కాబట్టి బయటివాళ్లు కొనలేరు, నిజమే. కౌలు పేరుతో నోటిమాట మీద దున్నేవాళ్లను ఏ చట్టం ఆపింది?

పద్మ_ఎల్బీనగర్:
ఒక్క నిమిషం అన్నా. "ఇంట్లో తలా ఒక మాట" అన్నారు మొదట్లో. అక్క ఏమంటోంది?

జైనూర్‌వాలా:
(కాసేపటికి) అక్క నా దగ్గరికే పంపిస్తానంటోంది. ఆమెకు వాడు టీచర్ కావాలని ఉండేది. 2000లో వచ్చిన జీవో 3తో ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఉండేవి. 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటినుంచి ఇక్కడ ఉంటే వాడికి ఏమీ లేదు, నువ్వే తీసుకుపో అంటుంది. వద్దంటున్నది నేనే.

పద్మ_ఎల్బీనగర్:
అయ్యో. నేను ఇంతసేపూ మీ అక్క తరఫున మాట్లాడుతున్నాననుకున్నా.

బాలానగర్ ఫిట్టర్:
నువ్వు పదకొండేళ్ల కింద బస్సెక్కావు. పొద్దున జేబీఎస్‌లో దిగి ఇక్కడే ఉండిపోయావు. భూమి అప్పుడూ ఉంది కదా.

జైనూర్‌వాలా:
ఉంది. బావ ఉన్నాడు కాబట్టి ఎక్కగలిగా. నడుం పోయింది ఎందుకో కూడా తెలుసు, ఇద్దరు చేసే పని ఒక్కడు చేశాడు. ఇప్పుడు వీడు కూడా నాలాగే పండగకు రెండు చొక్కాలు తెచ్చే మేనమామ అయితే? నా బాధ ఐటీఐ గురించి కాదేమో. తిట్టాలనుకుంటే తిట్టండి.

సైలెంట్ రీడర్:
తిట్టడానికేం లేదు. అడ్మిషన్ ఆన్‌లైన్‌లోనే కదా, రెండు చోట్లా ఆప్షన్ పెట్టొచ్చు. రెండేళ్లు ఎక్కడ చదివినా తర్వాత ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలోకి పోయే దారి కూడా ఉంది. హైదరాబాద్ అప్పుడైనా రావచ్చు.

పద్మ_ఎల్బీనగర్:
మొదటి ఆప్షన్‌గా ఏది పెడితే అదే ముందు చూస్తారు. అది అక్కను పెట్టనివ్వండి.

బాలానగర్ ఫిట్టర్:
ఏది పెట్టినా, సెలవుల్లో ఒక నెల మా షెడ్డుకు పంపు. జీతం ఇస్తా. దీపావళి నెల తప్ప ఎప్పుడైనా.

జైనూర్‌వాలా:
అక్కకు ఫోన్ చేశా. ఎత్తలేదు, చేలో ఉండి ఉంటుంది. ఫిట్టర్ సార్, మీ షెడ్డు ఎక్కడో మెసేజ్ పెట్టండి.

స్తంభం ఎక్కినోడు:
ఏ ఐటీఐ అయినా సరే, స్తంభం ఎక్కడం మాత్రం ఇప్పటినుంచే మొదలుపెట్టించు.

జైనూర్‌వాలా:
మా ఊళ్లో ఉన్న స్తంభాలన్నిటి మీదా లైన్ ఉంది అన్నా. ఎక్కితే పోతాడు.