ఎస్.సి.ఎన్.1.ఎ జన్యువులో మార్పు: మేనరికమే కారణమా?

ప్రశ్న (పుంగనూరు నుంచి)

మా అక్కను మా మేనమామకే ఇచ్చి చేశారు. వారి పాపకు ఆరో నెలలో, వేడినీళ్లతో లాల పోసి సాంబ్రాణి పొగ వేసిన కాసేపటికే, ఎడమ చెయ్యి, ఎడమ కాలు మాత్రమే కొట్టుకుంటూ అరగంటకు పైగా ఫిట్స్ వచ్చాయి. ఆ తరువాత ఒళ్లు కాస్త వెచ్చబడినా అదే వరస. తిరుపతిలో జన్యుపరీక్ష చేయించగా ఎస్.సి.ఎన్.1.ఎ జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలో మార్పు ఉందని రిపోర్టు వచ్చింది; డాక్టరుగారు దీన్ని డ్రావే సిండ్రోమ్ (పసితనంలోనే మొదలయ్యే తీవ్రమైన మూర్ఛజబ్బు) అన్నారు. అంతకుముందు వేరేచోట రాసిన ఫిట్స్ మందు కార్బమజెపీన్‌ను కూడా, అది ఫిట్స్‌ను పెంచుతుందని, మాన్పించారు. ఇంట్లో పెద్దలు మాత్రం అంతా మేనరికం వల్లే వచ్చిందంటున్నారు. ఇది నిజమేనా? ఫిట్స్‌కు ఇచ్చే మందే ఫిట్స్‌ను ఎలా పెంచుతుంది?

జవాబు (జన్యుశాస్త్ర అధ్యాపకురాలు, తిరుపతి)

పెద్దల మాటకు ఈ రిపోర్టులో ఆధారం లేదండి. మేనరికం వల్ల ముప్పు పెరిగేది ప్రధానంగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడితేనే బయటపడే జబ్బులకు. మీ పాపకు చెడింది ఒకే ప్రతి. డ్రావే ఉన్న పిల్లల్లో అత్యధికులకు ఈ మార్పు తల్లిదండ్రుల నుంచి రాదు, కొత్తగా పుడుతుంది; బయటి సంబంధం చేసుకున్నవారి పిల్లల్లోనూ ఇలాగే వస్తుంది.

రెండో క్రోమోజోమ్ మీద ఉన్న ఈ జన్యువు నాడీకణం పొరలోని ఒక సోడియం ఛానెల్‌ను తయారుచేయిస్తుంది. అది తెరుచుకుని సోడియం లోపలికి దూసుకొస్తేనే కణంలో విద్యుత్ సంకేతం పుడుతుంది. అలాంటి ఛానెళ్లు తగ్గితే మెదడు మందగించాలి గానీ ఫిట్స్ ఎందుకు రావాలి? 2006లో ఎలుకలపై జరిగిన పరిశోధన దీనికి జవాబు చూపింది: ఈ ఛానెల్ మీద ఎక్కువగా ఆధారపడేవి తోటి కణాల ఉద్రేకాన్ని అణచే కణాలు, అంటే మెదడుకు బ్రేకుల వంటివి. అవి నీరసిస్తే మిగిలినవాటికి అడ్డుండదు. కార్బమజెపీన్ పనిచేసేది సోడియం ఛానెళ్లను అడ్డుకునే కాబట్టి, అసలే బలహీనపడిన బ్రేకులను అది మరింత బలహీనపరుస్తుంది. ఫెనిటాయిన్, లామోట్రిజిన్‌ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ వంటి మందులు ప్రధానంగా వేరే దారిలో పనిచేస్తాయి.

జవాబు (ఒక తండ్రి, చిత్తూరు)

మా అబ్బాయికీ ఇదే జబ్బు. టీకా వేయించిన రోజు రాత్రి జ్వరంతో మొదటి ఫిట్స్ రావడంతో, టీకానే కొంప ముంచిందని ఊరంతా అన్నారు. నిజానికి 2001లోనే డ్రావేకు ఈ జన్యువుతో సంబంధం బయటపడింది. టీకా వల్ల వచ్చే జ్వరం లోపలున్నదాన్ని కాస్త ముందుగా బయటపెట్టగలదు గానీ జబ్బును పుట్టించదు. టీకాలు మానకండి, జ్వరానికి ముందే ఏమి ఇవ్వాలో మీ డాక్టరుగారిని అడిగి పెట్టుకోండి. మేము గోరువెచ్చని నీళ్లే పోస్తాం, సాంబ్రాణి మానేశాం, మే నెలలో మధ్యాహ్నం పూట బయటకు పంపం. ఐదు నిమిషాల్లో ఫిట్స్ ఆగకపోతే ముక్కులో కొట్టడానికి మిడజోలామ్ స్ప్రే రాయించుకుని, ఎక్కడికి వెళ్లినా వెంట తీసుకెళతాం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అక్క రెండో బిడ్డ మాటెత్తితేనే భయపడుతోంది. వచ్చే బిడ్డకూ ఇలాగే అవుతుందా?

జవాబు (జన్యుశాస్త్ర అధ్యాపకురాలు, తిరుపతి)

ముందు అక్కగారికి, మామగారికి రక్తపరీక్ష చేయించండి. పాపలో కనబడిన ఆ ఒక్క మార్పు వారిలో ఉందో లేదో చూస్తే చాలు, మొత్తం జన్యుపరీక్షకయ్యే ఖర్చు అక్కరలేదు. ఇద్దరిలో ఒకరికి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు అందే అవకాశం సగం; అయితే అదే మార్పు ఒకే కుటుంబంలో ఒకరికి చిన్నతనపు జ్వరం ఫిట్స్‌గా పోవచ్చు, మరొకరికి తీవ్రంగా రావచ్చు. అందుకే చిన్నప్పుడు వారికి ఫిట్స్ వచ్చాయేమో అవ్వను, తాతను అడగండి. ఇద్దరికీ లేకపోతే ముప్పు బాగా తగ్గుతుంది గానీ సున్నా కాదు, ఎందుకంటే తల్లి అండాల్లోనో తండ్రి వీర్యకణాల్లోనో కొన్నింటిలో మాత్రమే మార్పు ఉండి, రక్తంలో దొరకని సందర్భాలు ఉన్నాయి. ఈ కారణంగానే, లేదని తేలినా, గర్భం నిలవకముందే జన్యు సలహాదారును కలిసి గర్భస్థ పరీక్ష గురించి మాట్లాడుకోవాలి; నెలలు నిండాక వెళితే చేయగలిగేది పెద్దగా ఉండదు.