కాటన్ బౌల్‌లో బ్యాండ్ల ఫోటోలు: ఎప్పుడు, ఎక్కడినుంచి తీయాలి?

డాలస్_క్లిక్:
డాలస్‌లోని కాటన్ బౌల్ స్టేడియంలో గ్రాంబ్లింగ్, ప్రెయిరీ వ్యూ ఆటకు టికెట్ తీసుకున్నానండి. రెండూ నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన యూనివర్సిటీలు, వాళ్ల మార్చింగ్ బ్యాండ్లకి పెద్ద పేరు. టెక్సస్ స్టేట్ ఫెయిర్ (పెద్ద జాతర) రోజులు కాబట్టి జనం బాగా ఉంటారు. అమెరికన్ ఫుట్‌బాల్ అంతగా తెలియదు, బ్యాండ్ల కోసమే వెళ్తున్నాను. 70-200 జూమ్ లెన్సు ఉంది, సీటు పై వరసల్లో. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

బేయూ_బాటసారి:
ముందు టైము సంగతి. న్యూ ఆర్లిన్స్‌లో బేయూ క్లాసిక్‌కి (గ్రాంబ్లింగ్, సదరన్ యూనివర్సిటీల మధ్య ఏటా జరిగే ఆట) మొదటిసారి వెళ్లినప్పుడు, హాఫ్‌టైమ్ కదా అని తినడానికి లేచాను. చుట్టుపక్కల ఒక్కరూ లేవలేదు, అప్పుడైనా గమనించాల్సింది. తిరిగొచ్చేసరికి సదరన్ వాళ్ల బ్యాండు హ్యూమన్ జూక్‌బాక్స్ మైదానం దాటిపోతోంది. ఇప్పటికీ బాధే. ఆట అయ్యాక కూడా కదలకండి. రెండు బ్యాండ్లూ స్టాండ్స్‌లోనే ఉండి, ఒకరు వాయిస్తే ఇంకొకరు జవాబిస్తారు. ఫిఫ్త్ క్వార్టర్ అంటారు దాన్ని. నా మంచి ఫోటోలన్నీ అప్పుడు తీసినవే.

హ్యూస్టన్_అక్క:
ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు) ముఖాలకి సరిపోయేలా పెట్టండి. నేను ప్రెయిరీ వ్యూ వెళ్లినప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండ, ఇత్తడి వాయిద్యాల తళతళ. ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ మెరుపు చూసి మిగతాదంతా చీకటి చేసేసింది. ఇంటికొచ్చి చూస్తే యూనిఫారం మీద గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు, పిల్లల కళ్లు మాత్రం కనబడవు. ఎండలో గంటలకొద్దీ ప్రాక్టీసు చేసిన పిల్లలు వాళ్లు! స్పాట్ మీటర్ (ఒక్క చిన్న చోట వెలుతురే కొలిచే సెట్టింగు) ముఖం మీద పెట్టండి, ఇత్తడి తెల్లబడితే తెల్లబడనివ్వండి. ఒకప్పుడు కొడాక్ ప్రింట్ల రంగులు సరిచూసే షర్లీ కార్డు మీద ఉండేది తెల్లమ్మాయి బొమ్మే. నల్లటి ముఖాలకి ఫోటోల్లో అప్పటినుంచీ అన్యాయం జరుగుతూనే ఉంది. మన చేతుల్లో మళ్లీ జరగకూడదు.

డాలస్_క్లిక్:
ఇది నాకు తట్టనే లేదు అక్కా. మరి షట్టర్ ఎంత పెట్టాలి?

మద్దెల_దరువు:
డ్రమ్ముల పుల్లలు గాల్లో ఆగినట్టు రావాలంటే 1/1000 సెకను. మోకాళ్లు నడుం దాకా ఎత్తి నడిచే హై స్టెప్‌కి మాత్రం 1/30 కూడా ప్రయత్నించండి. కాళ్లు చెదిరి, ముఖం నిలిస్తే ఆ ఊపు తెలుస్తుంది. పది తీస్తే ఒకటి వస్తుంది, పర్లేదు.
బ్యాండుని ముందుండి నడిపించే డ్రమ్ మేజర్‌ని వదలొద్దు. టోపీ మీది తురాయి నేలకి తగిలేదాకా వెనక్కి వంగుతాడు. అందరూ ఆ క్షణమే తీస్తారు. నేను లేచాక తీశాను. తురాయి కొసన రెండు గడ్డిపోచలు, గడ్డం కింది పట్టీ చెమటకి నల్లబడి ఉంది, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. నాకు అదే ఇష్టం.

టల్లహాసీ_బాబాయ్:
వెళ్లేముందు కాస్త చరిత్ర చదువుకోండి, చూసే చూపు మారుతుంది. తెల్లవాళ్ల కాలేజీలు చేర్చుకోని రోజుల్లో నల్లజాతి పిల్లలకి ఈ యూనివర్సిటీలే దిక్కు. మా ఊరి ఫ్లోరిడా ఏ అండ్ ఎం యూనివర్సిటీ బ్యాండుకి 1946లో విలియం ఫాస్టర్ డైరెక్టర్‌గా వచ్చారు. ఇవాళ మనం చూసే బ్యాండ్ల నడక, డాన్సు చాలావరకు ఆయన చలవే. మార్చింగ్ 100 అని పిలిచే ఆ బ్యాండు 1989లో ఫ్రెంచి విప్లవం 200 ఏళ్ల ఉత్సవానికి అమెరికా తరఫున పారిస్‌లో నడిచింది. టెన్నెసీ స్టేట్ బ్యాండుకైతే 2023లో గ్రామీ వచ్చింది. వీళ్లు సంగీతం చదువుకుంటున్న విద్యార్థులు. వింతను చూసినట్టు తీయకండి. దగ్గరికెళ్లి తీసేటప్పుడు ఒక మాట అడగండి.

బేయూ_బాటసారి:
బాబాయ్ గారి మాటకి తోడు ఇంకోటి. ఓ స్టేడియంలో లెన్సు పొడుగుందని నన్ను గేటు దగ్గరే ఆపేశారు. అంత దూరం నడిచి కారులో పెట్టి రావాల్సి వచ్చింది. రూల్స్ ముందే చూసుకోండి.

డాలస్_క్లిక్:
చూశాను, లెన్సు పొడవు గురించి మెయిల్ కూడా పెట్టాను. సీటు మార్చుకున్నా, ప్రెయిరీ వ్యూ బ్యాండుకి దగ్గరగా కింది వరసలో దొరికింది. ఆట అయ్యాక కదలను. ఫోటోలు ఇక్కడే పెడతాను, అక్కా, ముఖాలు సరిగా వచ్చాయో లేదో మీరే చూసి చెప్పాలి.