సోల్ జాజ్‌లో బేస్ ఎవరు వాయిస్తారు?

ప్రశ్న: బ్లూస్ కొంచెం అలవాటే, రాబర్ట్ జాన్సన్ 1936, 37 రికార్డింగులు బాగా విన్నా, ఇప్పుడు సోల్ జాజ్ (బ్లూస్, చర్చి పాటల ఛాయలున్న జాజ్) విందామని ఆర్గాన్ వాయించే జిమ్మీ స్మిత్ ఆల్బమ్ 'బ్యాక్ ఎట్ ద చికెన్ షాక్' పెట్టా, బేస్ భలే నడుస్తోంది కానీ బేసిస్ట్ పేరే లేదేంటండీ?

జవాబు: లేడు కాబట్టి లేదు 😀 అదంతా స్మిత్‌దే. హామండ్ ఆర్గాన్ కింది కీబోర్డు మీద ఎడమచేత్తో బేస్, కాలితో పెడల్స్, కుడిచెయ్యి సోలోకి.

జవాబు: 1960లో రికార్డ్ చేసి 1963లో వదిలారు. టైటిల్ ట్రాక్ 12 బార్ల (12 తాళపు గడులు తిరిగి తిరిగి వచ్చే) బ్లూసే కదా, మీకు వెంటనే ఎక్కేస్తుంది. నాకైతే ఆర్గాన్ కన్నా స్టాన్లీ టరెంటైన్ శాక్సఫోనే ఇష్టం, తిట్టుకోకండి.

జవాబు: తర్వాత స్మిత్‌దే 'ద సెర్మన్' వినండి. ఒక్క ట్రాకే 20 నిమిషాలు, వెనక డ్రమ్స్ ఆర్ట్ బ్లేకీ, లీ మోర్గన్ ట్రంపెట్ కూడా ఉంది, మధ్యలో మాత్రం ఆపొద్దు.