1882 నాటి చైనీయుల నిషేధం పదేళ్లకే కదా, 1943 దాకా ఎలా సాగింది?

ప్రశ్న:
అమెరికా 1882 చట్టం చైనా కూలీల రాకను పదేళ్లు ఆపింది, అప్పటికే అక్కడున్నవాళ్ల జోలికి పోలేదు అని చదివాను. మరి ఊరెళ్లి తిరిగొచ్చినవాళ్లను రేవులోనే ఎందుకు ఆపేశారు? పదేళ్ల చట్టం అరవై ఏళ్లు ఎలా నడిచింది?

జవాబు 1:
కిటుకంతా తర్వాతి చట్టాల్లో ఉందండి. 1882 చట్టం ప్రకారం పాత కూలీ స్వదేశం వెళ్లేముందు రేవులో కస్టమ్స్ వాళ్ల దగ్గర ధ్రువపత్రం తీసుకుంటే తిరిగి రావచ్చు. 1888 అక్టోబరు 1న వచ్చిన స్కాట్ చట్టం ఆ పత్రాలన్నిటినీ ఒక్క కలంపోటుతో కొట్టేసింది. ఛే చాన్ పింగ్ అనే కార్మికుడు 1887లో పత్రం తీసుకునే వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో ఓడ ఇంకా సముద్రం మీద ఉండగానే చట్టం మారిపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగనివ్వలేదు. 1889లో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వం పక్షమే నిలిచింది: పరాయి దేశస్థుల్ని ఆపడం సార్వభౌమాధికారంలో భాగం, చైనాతో కుదిరిన పాత ఒప్పందం కన్నా తర్వాతి చట్టమే చెల్లుతుంది అని. ఇంత అన్యాయమైన తీర్పు వలస చట్టాలకు పునాదిరాయి కావడం బాధాకరం.

జవాబు 2:
గడువు సంగతి: 1892లో గియరీ చట్టం మరో పదేళ్లు పెంచింది, 1902లో మళ్లీ పొడిగించారు, 1904లో గడువన్నదే తీసేశారు.

గియరీ చట్టంలో అసలు ముల్లు వేరే ఉంది. ప్రతి చైనా కూలీ నివాస పత్రం తీసుకోవాలి. అది లేకుండా పట్టుబడితే, గడువులోగా ఎందుకు తీసుకోలేకపోయాడో చెప్పుకోవడంతోపాటు, చట్టం వచ్చేనాటికే తాను అక్కడ ఉంటున్నానని కనీసం ఒక తెల్లజాతి సాక్షితో రుజువు చేసుకోవాలి. లేకపోతే దేశ బహిష్కారమే. చైనీయుల పేటల్లో, తోటి చైనీయుల మధ్యే బతికే మనిషి అలాంటి సాక్షిని ఎక్కడినుంచి తెస్తాడు?

జవాబు 3:
వ్యాపారులకు మినహాయింపు ఉందిగా అంటారు. గియరీ చట్టానికి 1893లో చేసిన సవరణ దాన్నీ బిగించింది. స్థిరమైన దుకాణం ఉండాలి, వ్యాపారం తన పేరు మీదే నడవాలి, దానికి అవసరమైన పని తప్ప వేరే ఒళ్లు వంచే పని చేసి ఉండకూడదు. తిరిగి రావాలంటే, వెళ్లేముందు ఏడాదిపాటు వ్యాపారిగానే ఉన్నట్టు చైనీయులు కాని ఇద్దరు సాక్షులు చెప్పాలి. లాండ్రీ నడిపేవాళ్లు, వీధుల్లో తిరిగి అమ్ముకునేవాళ్లు కూలీల లెక్కలోకే వచ్చారు.

ఒక్కమాట, 1943 రద్దుతో తలుపులు బార్లా తెరుచుకోలేదు. యుద్ధంలో చైనా మిత్రదేశం కాబట్టి నిషేధం ఎత్తేశారు, పౌరసత్వం పొందే హక్కు ఇచ్చారు. కోటా మాత్రం ఏడాదికి 105 మంది. ఏ దేశంలో పుట్టినా చైనా సంతతివాళ్లను అందులోనే లెక్కగట్టేవారు.