వియత్నాంలో మన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ చెల్లదు. తెలిసీ బండి నడపడం తప్పా?

కొండదారి
పోయిన నెల హా జాంగ్ లూప్‌కి ఒక్కడినే వెళ్లాను. వియత్నాం ఉత్తర కొసన, చైనా సరిహద్దు పక్కన కొండల రోడ్డు అది. అద్దెకు 110 సీసీ బండి తీసుకున్నాను. రెండో రోజు వానలో పోలీసులు ఆపారు. ఇక్కడ ఆర్టీఏలో వెయ్యి రూపాయలు కట్టి తెచ్చుకున్న పర్మిట్ పుస్తకం దర్జాగా తీసిచ్చాను. ఆయన మొదటి పేజీలో 1949 అన్న అంకె మీద వేలు పెట్టి, ఫోన్‌లో 1968 అని కొట్టి చూపించాడు. అలవాటు కొద్దీ పాస్‌పోర్ట్‌లో ఐదు లక్షల డాంగ్ నోటు మడిచి పెట్టాను (కంగారు పడకండి, డాంగ్ అంటే వాళ్ల కరెన్సీ, మన లెక్కలో పదిహేడు వందలు). నోటు తీసి నా చేతిలోనే పెట్టి, చలానా రాసి, బండి వారం ఉంచుకుంటామన్నాడు.

రోడ్డు పక్కన తడుస్తూ నిలబడితే మోంగ్ అనే అక్కడి కొండజాతికి చెందిన ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కెళ్లింది. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకు రాదు. పొయ్యి దగ్గర పీట వేసి మెన్‌మెన్ పెట్టింది. మొక్కజొన్న రవ్వను రెండుసార్లు ఆవిరి మీద ఉడికిస్తారు. పొడిపొడిగా ఉంటుంది, ఆకుకూర చారు పోసుకుంటే తప్ప గొంతు దిగదు. నా తడి సాక్సులు ఆవిడే పొయ్యి పైన దండెం మీద ఆరేసింది. పొద్దున వాళ్లబ్బాయి తన బండి మీద టౌన్‌లో దింపాడు. డబ్బులిస్తే ఇద్దరూ తీసుకోలేదు.

అక్కడ సగం మంది టూరిస్టులు ఇలాగే నడుపుతున్నారు. అద్దెకిచ్చేవాళ్లే ‘ఏం కాదు’ అంటారు. మీరేమంటారు?

రూల్ కర్ర
తప్పే అన్నా. మనది 1949 జెనీవా ఒప్పందం పర్మిట్. వాళ్లు ఒప్పుకునేది 1968 వియన్నా ఒప్పందం పర్మిట్. 2025 జనవరి నుంచి లైసెన్స్ లేకుండా 125 సీసీ లోపు బండి నడిపితే 20 నుంచి 40 లక్షల డాంగ్ జరిమానా, అంటే తక్కువలో తక్కువ ఆరేడు వేలు. అది పోతే పోనీ. ఆ లూప్‌లోని ‘మాపిలేంగ్’ కనుమలో జారిపడి కాలు విరిగితే, లైసెన్స్ లేదని ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు. అప్పుడు మోసేది మీ ఇంట్లోవాళ్లే.

పాడేరు ఘాట్
అంత చట్టం మాట్లాడకండి. ఘాట్ రోడ్డులో ఇరవై ఏళ్లు గేర్ బండి తోలినవాడి పర్మిట్ చెల్లదట. జన్మలో బైక్ ముట్టని యూరప్ కుర్రాడు 50 సీసీ బండెక్కితే లైసెన్సే అక్కర్లేదట. ఇదెక్కడి న్యాయం? (ఆ 50 సీసీ ఆ కొండలెక్కదు, అది వేరే సంగతి.)

సంచీ సుజాత
నేనూ ఒంటరిగానే వెళ్లాను, కానీ ఈజీ రైడర్ మాట్లాడుకున్నాను. లోకల్ అబ్బాయి నడుపుతాడు, మనం వెనక కూర్చోవడమే. ఖర్చు ఎక్కువే, టెన్షన్ లేదు. ఒక మాట చెప్పాలి. ముక్కూమొహం తెలియనివాళ్లు చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే నేనైతే వంద ఆలోచిస్తాను. మీకా లెక్కే లేకపోయింది.

ఇంకోటి, హోమ్‌స్టేల్లో రాత్రి మొక్కజొన్న సారా గ్లాసు మీద గ్లాసు పోస్తారు, వద్దంటే నొచ్చుకుంటారు. 2020 నుంచి అక్కడ తాగి బండి నడపడానికి పరిమితి సున్నా. రాత్రి తాగింది పొద్దున ఊదినప్పుడు మిషన్‌లో పడిందంటే, ఆప్యాయంగా పోశారని ఎవరూ వదిలిపెట్టరు.

పాత టైరు
అన్నీ బాగానే ఉన్నాయి కానీ బండి ఓనర్ సంగతి ఎవరూ అడగలేదేం? వారం రోజులు బండి స్టేషన్‌లో ఉంటే ఆయనకు వారం అద్దె పోయినట్టే. కట్టావా తమ్ముడూ?

కొండదారి
‘ఏం కాదు’ అని ఇచ్చింది ఆయనే కదా అన్నా. డిపాజిట్ మూడు రోజులకు సరిపోయింది. మిగతాది అడుగుతాడేమోనని ఆ రాత్రే హనోయి బస్సెక్కేశాను. ఆ పెద్దావిడకు మాత్రం ఒక మంచి దుప్పటి పంపాలని ఉంది. అడ్రస్సే తెలియదు.

పాత టైరు
ఓనర్ అడ్రస్ అద్దె కాగితం మీద ఉంటుంది.