ప్రొద్దు గ్రుంకినదా, గ్రుంకుచున్నదా?

పాతసంచిక: బైబిల్లో ఎమ్మాయు అనే ఊరి దారిలో, తిరిగి లేచిన యేసుని గుర్తుపట్టని ఇద్దరు శిష్యులు ఆయన్ను ఆపే మాట. రాత్రి తలుపు గడియ వేస్తూ నేను చేసే ప్రార్థన అదొక్కటే: "సాయంకాలము కావచ్చినది, ప్రొద్దు గ్రుంకుచున్నది, మాతోకూడ ఉండుము." నిన్న మా ఆవిడ విని "గ్రుంకినది అనాలి" అంది. అర్థం చూస్తే నాదే కుదురుతోంది. ఏది సరైన పాఠం?

అరసున్న: ఆవిడదే. లూకా సువార్త 24:29, "ప్రొద్దు గ్రుంకినది".

పాతసంచిక: సాయంకాలమేమో ఇంకా "కావచ్చినది", పొద్దు మాత్రం అప్పుడే "గ్రుంకినది". పొద్దు గుంకాక సాయంకాలం అవడమేమిటండీ?

నిఘంటుపురుగు: అక్కడి గ్రీకు క్రియ క్లీనో. వంగడం, వాలడం. "పొద్దు ఇప్పటికే వాలింది" అంటే సరిపోయేది. లూకా 9:12లో ఇదే క్రియకి "ప్రొద్దు గ్రుంక నారంభించినప్పుడు" అన్నారు. 9:58లోనూ ఇదే క్రియ, అక్కడ యేసు తన గురించి అన్న మాట, "తల వాల్చుకొనుటకైనను స్థలము లేదు". తలని వాల్చి, పొద్దుని గుంకించారు! తల వాల్చుకోవడానికి చోటు లేనివాణ్ణి, పొద్దు వాలింది, లోపలికి రమ్మంటున్నారు. ఆ జత తెలుగులో పోయింది.

ద్విత్వం: వాలడం మధ్యాహ్నం నుంచే మొదలవుతుంది, అందులో తొందరేముంది? అతిథిని ఆపాలంటే ఎవరైనా "చీకటి పడిపోయింది, ఇప్పుడెక్కడికి వెళ్తారు" అనే అంటారు, చీకటి పడకపోయినా. దాన్ని వ్యాకరణంతో కొలవకండి. పై వచనం చూడండి, ఆయన "యింక కొంతదూరము వెళ్లునట్లు అగపడగా". అడగకపోతే వెళ్లిపోయేవాడే. అందుకే "బలవంతము చేసిరి". నా లెక్కలో ఆ వచనానికి ప్రాణం అక్కడుంది. రోజూ పిలవాలి, అదీ గట్టిగా.

నిఘంటుపురుగు: ఆ "బలవంతము" క్రియ క్రొత్త నిబంధనలో రెండే చోట్ల ఉంది. ఇక్కడ, అపొస్తలుల కార్యములు 16:15లో లూదియ మాటల దగ్గర. రెండూ లూకావే, రెండూ ఇంటికి పిలిచే సందర్భాలే.

వెన్నెలబడి: గ్రుంకడం వదిలేసి "మాతోకూడ" చూడండి. "కూడ"లో "కూడు" లేదూ? లోపలికి వెళ్లి చేసిన మొదటి పని రొట్టె విరవడం. తలుపు తట్టే క్రీస్తు మాట, ప్రకటన గ్రంథం 3:20లోనూ "నాతోకూడ అతడును భోజనము". దేవుడు ఇంటికి రావడమంటే మనతో కంచం ముందు కూర్చోవడం. తెలుగుకే దొరికిన అదృష్టం ఇది.

నిఘంటుపురుగు: అదృష్టం కాదు, పోలిక. తమిళంలో చూస్తే తిండికి కూళ్, కలవడానికి కూడు. మాటలు వేరు, తెలుగులో ధ్వని కలిసిపోయింది.

వెన్నెలబడి: ధ్వని కలిస్తే కవికి చాలు. 

క్రావడి: ప్రకటన 3:20 అనగానే నాకు జాషువా గబ్బిలమే గుర్తొస్తుంది (1941). గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. మనిషి గుమ్మం బయట, దేవుడు లోపల. ఇక్కడ తిరగబడింది, తలుపు బయట నిలబడి తడుతున్నది దేవుడు. క్రీస్తు చరిత్రకి 1964లో అకాడెమీ అవార్డు ఇచ్చారు గానీ, నన్నడిగితే ఆయన క్రీస్తు గబ్బిలంలోనే ఎక్కువ కనిపిస్తాడు.

అరసున్న: అది మీరు చూసిన క్రీస్తు. గబ్బిలంలో మొర కాశీ విశ్వనాథుడికి.

క్రావడి: మొర ఎవరికైనా, ఆ గుడిసె ఎవరిది? గబ్బిలం లోపలికొచ్చి చేసిన మొదటి పని చూడండి. రెక్కల గాలికి ఆముదపు దీపం ఆరిపోతుంది. ఆ చీకట్లోనే సంభాషణ మొదలవుతుంది. పిలవని అతిథికి అంత చోటిచ్చిన కవి ఇంకెవరున్నారు?

పాతసంచిక: అయ్యా, నేను రాత్రికి ఏమని ప్రార్థన చేయాలో చెప్పండి ముందు. తలుపు వేసేది ఎనిమిదికి, అప్పటికి పొద్దు గుంకి చాలాసేపు అవుతుంది.

ద్విత్వం: అయితే "గ్రుంకినది" అనండి, మీకూ మేడమ్‌కీ గొడవ ఉండదు. పొద్దున నిద్ర లేచాక ఏమంటారో అది ఆలోచించండి. నేనైతే నిర్గమకాండము 33:14 అంటాను, "నా సన్నిధి నీకు తోడుగా వచ్చును". పని మీద బయల్దేరేవాడికి ఇల్లు కాదు, తోడు కావాలి.

వెన్నెలబడి: అక్కడ మాట్లాడేది దేవుడు. దాన్ని మీరంటే ప్రార్థన ఎలా అవుతుంది? తర్వాతి వచనం మోషేది, "నీ సన్నిధి రాని యెడల" అని. అది అనండి.

ద్విత్వం: మాట ఇచ్చినవాడికి ఆ మాట గుర్తుచేయడం కూడా ప్రార్థనే.

అరసున్న: ఇంతమంది మాట్లాడి "ఉండుము" జోలికి ఎవరూ పోలేదు. ఆ పొద్దుకి ఆయనెవరో వాళ్లకి తెలియదు. దారిలో కలిసిన కొత్త మనిషి. అయినా 18వ వచనంలో "నీవొక్కడవే యెరుగవా", ఇక్కడ "ఉండుము". గ్రీకులో ఏకవచనమే, సరే. కానీ తెలుగులో కొత్తవాళ్లని "ఉండండి" అంటాం కదా? దేవుడని ముందే తెలిసిన అనువాదకుడు ఆ చనువు శిష్యుల నోట పెట్టేశాడా?

నిఘంటుపురుగు: ఆ కాలపు వచనంలో అందరికీ ఏకవచనమే అండీ.

అరసున్న: అందరికీ అయితే "బలవంతము చేసిరి గనుక ఆయన" అని గౌరవవాచకం ఎలా వచ్చింది?

నిఘంటుపురుగు: అది కథ చెప్పేవాడి మాట, శిష్యుల మాట కాదు. దీనికి వేరే పోస్టు పెట్టండి.