4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్‌కి 64 బిట్ విండోస్ వేయించాలా?

బ్రాడీపేట డీటీపీ:
గుంటూరులో మాది చిన్న డీటీపీ షాపు. కోర్ 2 డుయో, 945 చిప్‌సెట్ బోర్డు, 4 జీబీ ర్యామ్, విండోస్ 7 32 బిట్. ప్రాపర్టీస్‌లో మాత్రం 3.25 జీబీయే వాడకానికి ఉందని చూపిస్తోంది. 64 బిట్ వేస్తే మిగతాదీ వస్తుందంటున్నాడు సర్వీసు కుర్రాడు. పెళ్లి కార్డుల సీజను, ఫార్మాట్ అంటేనే టెన్షన్. ఏం చేయమంటారు?

బెజవాడ బాబాయ్:
వేయించెయ్ తమ్ముడూ. ప్రాసెసర్ 64 బిట్‌దే కదా! మైక్రోసాఫ్టే విండోస్ 10 తర్వాత 32 బిట్‌కి నీళ్లొదిలేసింది. 11 వచ్చేది 64లోనే.

పాతమౌసు:
బాబాయ్ గారూ, ప్రాసెసర్ సంగతి సరే, ఇక్కడ అడ్డం పడుతున్నది బోర్డు, దాని మీద ర్యామ్‌ని ప్రాసెసర్‌తో కలిపే చిప్‌సెట్. 32 బిట్లతో 4 జీబీ వరకే అడ్రస్‌లు ఇవ్వగలం. అందులో పైభాగం గ్రాఫిక్స్‌కీ, పీసీఐ పరికరాలకీ పోతుంది. ఆ మేరకు ర్యామ్ ఉన్నా లేనట్టే. తర్వాత వచ్చిన చిప్‌సెట్లు ఆ ముక్కని 4 జీబీ పైకి జరుపుతాయి, అప్పుడు 64 బిట్ ఓఎస్‌కి అది అందుతుంది. 945కి 4 జీబీ దాటి చూపే లేదు. ఏ విండోస్ వేసినా అదే 3.25. పైగా 64 బిట్ విండోస్ ర్యామ్ ఇంకాస్త ఎక్కువే తింటుంది.

కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్ 7 అయితే 32 బిట్‌దే, కానీ 64లోనూ నడుస్తుంది. పరికరాల్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. పాత ప్రింటర్‌కీ, ఫాంట్ల డాంగిల్‌కీ (అది గుచ్చితేనే ఆ ఫాంట్లు పనిచేస్తాయి) 64 బిట్ డ్రైవర్ దొరక్కపోతే మూలన పెట్టాల్సిందే.

లినక్స్ పిచ్చోడు:
లినక్స్ వేసుకోండి, పీడా పోతుంది.

పాతమౌసు:
పేజ్‌మేకర్ ఫైళ్లు మీరు తెరిచి పెడతారా సార్?

బెజవాడ బాబాయ్:
బోర్డు మాట ఒప్పుకున్నా. మరి విండోస్ 7కి 2020 జనవరితోనే అప్‌డేట్లు ఆగాయి. క్రోమ్ 109 దగ్గరే నిలిచిపోయింది. కస్టమర్లు ఫొటోలన్నీ వాట్సాప్‌లోనే పంపుతారు, వైరస్ వస్తే ఎవరిది పూచీ? పోనీ 11 వేద్దామంటే, దాని 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ లేనిదే బూటే అవదు. కోర్ 2లో అది లేదు, అడ్డదారులూ పనిచేయవు. అందుకే ఓఎస్ గొడవ మానేసి సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ ఒకటి కొనమంటాను.

పాతమౌసు:
కొననీండి, కాదనను. దాన్ని నెట్‌కి వాడుకుని, దీనికి నెట్ కేబుల్ పీకేసి కార్డుల పనికి ఉంచమంటాను. ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో, స్కాన్ చేశాకే.

బ్రాడీపేట డీటీపీ:
డాంగిల్‌కి ఉన్నది 32 బిట్ డ్రైవరే, ఇప్పుడే చూశాను. ఫార్మాట్ వద్దని కుర్రాడికి ఫోన్ చేస్తున్నా.